కుటుంబ చిత్రములతో క్రిస్మసు అలంకారములు

డిసెంబరు నెల వచ్చునప్పటికి కృష్ణా డెల్టాలో వరికోతలు ముమ్మరముగా సాగుచుండును. గుడివాడకు సమీపమున, కొల్లేటివైపు పల్లపు నేలలలో నున్న నందివాడ ప్రాంతమున ఇటీవల చేపల చెరువులు పెరిగి చేలు తగ్గినవి. అయినను తెల్లవారుజాము మంచు, చెరువుగట్ల మీది చలిగాలి, మిగిలిన చేలలో కోసిన వరిపనల వాసన మారలేదు. ఈ రోజులలోనే క్రైస్తవుల యిండ్లలో పండుగ సన్నాహము మొదలగును. గోడలకు సున్నము వేయుదురు. అరిసెలకు బియ్యము నానబోయుదురు. రాత్రులందు యువకులు గుంపుగా ఇంటింటికి పోయి పాటలు పాడుదురు. ఇంటి ముంగిట పొడవైన వెదురు గడకు కాగితపు చుక్కను కట్టుదురు. దానిని ఊరివారందరును స్టారు అనియే పిలుతురు.

లోపల, వసారాలోనో నడిమి గదిలోనో, ఇసుక నింపిన డబ్బాలో ఒక సరుగుడు కొమ్మ నిలిచియుండును. అదియే క్రిస్మసు చెట్టు. దానికి రంగు కాగితపు గొలుసులు, మెరుపు బంతులు, చిన్న చిన్న దీపములు తగిలింతురు. మంచు కురియని సీమ గనుక దూది పింజలే మంచగును. ఈ అలంకారములను అంగడిలో కొనవచ్చును. కాని ఇంటిలోని కుటుంబ ఫోటోలనుండి వానిని చేసికొను పద్ధతి యొకటి కలదు. ఖర్చు స్వల్పము. పని రెండు మూడు సాయంకాలములది. అయితే ఈ పనిలో ఒక అపాయము పొంచియున్నది. దానిని తెలియకుండ కత్తెర పట్టరాదు. ఆ సంగతికి వచ్చుటకు ముందు ఈ చెట్టు, ఈ ఫోటో, రెండును డెల్టాకు ఎట్లు చేరెనో కొంచెము తెలిసికొనుట మంచిది.

క్రిస్మసునాడు చెట్టును అలంకరించు ఆచారము జర్మను దేశమున ప్రబలినది. మొదట ఆపిలుపండ్లు, గింజలు, కాగితపు పూలు, రొట్టెబిళ్లలు దానికి కట్టెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున తురింగియా కొండలలోని లౌషా అను గ్రామమున గాజుపనివారు పలుచని గాజు బంతులను ఊది చేయసాగిరి. ఇంగ్లండులో విక్టోరియా రాణి కుటుంబము చెట్టుచుట్టు నిలిచియున్న చిత్రము 1848లో ఒక పత్రికలో అచ్చుపడగా, ఆ దేశపు ఇండ్లలో ఈ వేడుక వేగముగా వ్యాపించెను. కాగితపు చుక్కకు వేరొక చరిత్ర కలదు. జర్మనీలోని నీస్కీ పట్టణపు పాఠశాలలో 1830 ప్రాంతమున బాలురకు రేఖాగణితము నేర్పుటకై అనేక కోణములుగల కాగితపు చుక్కలను చేయించిరి. లెక్కల తరగతిలో పుట్టిన వస్తువు పండుగ వస్తువైనది.

బందరునకు ఇంగ్లండు మిషనరీలైన రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు 1841లో వచ్చిరి. నోబులు స్థాపించిన పాఠశాల 1843లో మొదలాయెను. అటుపిమ్మట డెల్టా గ్రామములలో క్రైస్తవ కుటుంబములు పెరిగినవి. కాని క్రిస్మసుకు వాడు దేవదారు జాతి వృక్షములు మన తీరమున లేవు. వానికి బదులు ఇక్కడివారికి దొరికినది సరుగుడు. దూరమునుండి చూచిన దాని సన్నని ఆకులు సూదులవలె నుండును. నిజమునకు అవి ఆకులు కావు, కణుపులుగల పచ్చని సన్నని రెమ్మలు. అసలు ఆకులు ఆ కణుపులయొద్ద పొలుసులంత చిన్నవిగా నుండును. రెమ్మను పట్టి లాగినచో కణుపుకడ తెగును గనుక విద్యార్థులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. 1977 ఉప్పెన తరువాత తీరమువెంట గాలికి అడ్డుగా ఈ చెట్లనే తోపులుగా పెంచిరి.

ఫోటో సంగతి చూతము. 1839లో ఫ్రాన్సు దేశమున దగేరు కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడి చేయబడినది. 1856 నాటికే మదరాసులో ఛాయాచిత్రకారుల సంఘ మొకటి ఏర్పడెను. అమరావతి స్తూపమునుండి మదరాసు చేర్చబడిన శిల్పములను లీనియసు ట్రైపు అను సైనికోద్యోగి 1858లో ఫోటోలు తీసెను. అనగా కృష్ణాతీరపు రాళ్లు మొదట ఫోటో కెక్కినవి, కృష్ణాతీరపు రైతులు చాలకాలము తరువాత! పల్లెవారికి ఫోటో అనగా పట్టణమునకు పోయి, ఇస్త్రీబట్టలు కట్టుకొని, తెరముందు కదలక కూర్చుండు మహాకార్యము. పెండ్లికి ఒకటి, తొలిచూలు బిడ్డతో ఒకటి, కొందరికి జీవితమంతటికిని ఒక్కటే. దాని నెగటివు స్టూడియోలోనే యుండిపోవును. స్టూడియో మూతపడినచో అదియు లేదు.

కనుక నందివాడవంటి ఊరిలో ఒక యింటి గోడమీద అద్దముచాటున నున్న తాతగారి ఫోటో, లోకమంతటిలో ఆయన ముఖమునకు మిగిలిన ఏకైక ప్రతి కావచ్చును. ఇది అతిశయోక్తి కాదు. ఈ సీమలో నీరు ఎన్ని ఫోటోలను మ్రింగినదో లెక్కలేదు. 1977 నవంబరు 19న, క్రిస్మసుకు అయిదు వారములు మాత్రమే ఉన్నదనగా, దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడెను. సుమారు పదివేలమంది మరణించిరి. బ్రతికినవారిలో అనేకులకు ఇల్లు లేదు, పెట్టె లేదు. పోయినవారి ముఖమును చూచుకొనుటకు ఫోటోయును లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినప్పుడు దాని వరదనీరు కొల్లేటికి పోవుదారిలో నందివాడ మండల గ్రామములను గూడ చుట్టుముట్టెను. వరద లేని సంవత్సరమునను తేమ ఊరకుండదు.

తేమ ఫోటోను పాడుచేయు విధము తెలిసికొనదగినది. పాత నలుపుతెలుపు ఫోటోలో కాగితముపై జెలటిను అను పలుచని పొర యుండును. జంతువుల ఎముకలనుండియు చర్మమునుండియు తీయు జిగురు పదార్థమది. ఆ పొరలో సన్నని వెండి రేణువులు చిక్కుకొని చిత్రమగును. తడి తగిలినప్పుడు జెలటిను ఉబ్బి మెత్తబడి జిగటయగును. అట్టి సమయమున అద్దము దానిని అంటియున్నచో, ఆరిన తరువాత రెండును విడివడవు. బలముగా లాగినచో ముఖము అద్దముతో వచ్చును, కాగితము చేతిలో మిగులును. జెలటిను బూజుకు మంచి ఆహారము కూడను. రంగుల ఫోటోలలో వెండి యుండదు, రంగులే యుండును. అవి వెలుతురుకును వేడికిని వెలిసిపోవును. 1980 ప్రాంతపు పెండ్లి ఫోటోలు పెక్కు ఇప్పుడు ఎఱ్ఱబారి కనబడుటకు కారణమిదియే.

పైని చెప్పిన అపాయ మిదియే. అలంకారమునకై ఫోటోను గుండ్రముగా కత్తిరించి, జిగురు పూసి, రంధ్రము పొడిచి కొమ్మకు కట్టినచో ఆ పండుగ ముచ్చటగానే గడచును. జనవరిలో ఆ బిళ్ల చెత్తలో పడినచో ఒక మనిషి ముఖము పోయినట్లే. కత్తిరింపులో పోయిన అంచుపై స్టూడియో ముద్ర ఉండియుండవచ్చును. వెనుక ఎవరో వ్రాసిన తేదీ ఉండియుండవచ్చును. కావున అసలు ఫోటోను కత్తెరకు ఈయరాదు, జిగురుకు ఈయరాదు, గోడమీదినుండి కొమ్మమీదికి మార్చరాదు. అలంకారములన్నియు నకలుతోనే చేయవలెను. ఈ నియమమునకు మినహాయింపు లేదు.

నకలు తీయుట నేడు కష్టము కాదు. ఉదయము ఎండ నేరుగా పడని వసారాలో బల్లపై తెల్లని గుడ్డ పరచి దానిపై ఫోటో నుంచవలెను. సెల్‌ఫోను కెమెరాను బల్లకు సమాంతరముగా పట్టి, ఫ్లాషు వెలిగింపక తీయవలెను. ఫోను వంగినచో తాతగారి తల పెద్దదియు కాళ్లు చిన్నవియు అగును. అద్దమునకు అంటుకొనిన ఫోటోను ఊడదీయ యత్నింపక అద్దముతోడనే తీయుట క్షేమము. తీయువాని నీడయో కిటికీ వెలుగో అద్దములో కనబడినచో నల్లగుడ్డను అడ్డముగా పట్టిన చాలును. స్కానరుగల దుకాణము దగ్గరలో నున్నచో అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేయించుట ఇంకను మేలు. ముందువైపే కాక వెనుకవైపును తీయవలెను. ఈ మాటను చాలమంది మరతురు.

నకళ్లను కొంచెము దళసరి కాగితముపై అచ్చు వేయించి తెచ్చుకొనిన తరువాత పని మొదలగును. అట్టకు అన్నిటికంటె మంచిది పాత శుభలేఖ. ప్రతి యింటను పెండ్లి శుభలేఖలు కట్టలు కట్టలుగా నుండును. వాని కాగితము గట్టిది, అంచులలో బంగారువన్నె పూలు అచ్చుపడియుండును. వానిని పారవేయ మనసొప్పక దాచువారికి ఇంతకంటె మంచి ఉపయోగము దొరకదు. ఏడు సెంటీమీటర్ల వ్యాసముగల రెండు గుండ్రని బిళ్లలు శుభలేఖనుండియు, ఆరు సెంటీమీటర్ల వ్యాసముగల బిళ్ల ఒకటి ఫోటో నకలునుండియు కత్తిరింపవలెను. గీతకు వృత్తలేఖిని లేకున్న టీగ్లాసు అంచు చాలును. ముఖము కేంద్రమునకు కొంచెము పైన నుండునట్లు చూచుకొనవలెను. సరిగా మధ్యనుంచినచో తల క్రిందికి జారినట్లు కనబడును.

జిగురునకు మైదాపిండిని చల్లని నీటిలో కలిపి, ఉండలు లేకుండ సన్నని మంటపై చిక్కబడువరకు కాచుదురు. చల్లారిన పిదపనే వాడవలెను. వేడి జిగురు అచ్చు రంగును కరిగించును. పుస్తకములు కుట్టువారు పురుగు పట్టకుండుటకై దీనిలో కొద్దిగా మైలుతుత్తము కలుపుట కలదు. అది విషము. పిల్లలు చేయు పనిలో దానిని కలుపరాదు. జిగురును పలుచగా పూసి, ఫోటో బిళ్లను అట్టపై అంటించి, పైన తెల్లకాగిత ముంచి, రాత్రియంతయు బరువైన పుస్తకముల క్రింద నొక్కవలెను. తొందరపడి వెంటనే తగిలించినచో ఆరునప్పుడు అట్ట దోనెవలె వంగును. మరునాడు వేలాడదీయు దారమును రెండు అట్టల నడుమ నుంచి, వెనుకటి అట్టను అంటించుదురు.

అంచునకు ఏమి చుట్టవలెననునది ఆయా యింటి సొగసు. దర్జీవాని యొద్ద పడియుండు జరీ అంచులు, జాకెట్టు ముక్కలు ఉచితముగానే దొరకును. పెడన, బందరు ప్రాంతములవారికి కలంకారీ గుడ్డ పేలికలు ఉన్నవి. చిన్న చిన్న ఆకులు లతలు అచ్చువేసిన ఆ గుడ్డ పాత ఫోటోల గోధుమవన్నెకు చక్కగా అమరును. బందరు చెంతనున్న చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు ప్రసిద్ధము. తెగిన గొలుసు ముక్క, ముత్యములు రాలిన కమ్మ యింటిలో నున్నచో వానినే కొక్కెముగా మార్చవచ్చును. తాటాకును తడిపి సన్నని పట్టెలుగా చీల్చి చాపవలె అల్లి, నడుమ కిటికీవలె చోటువదలి, అందు ఫోటోను దూర్చు పద్ధతియు కలదు. అంగడి మెరుపు కాగితము కంటె ఇది కంటి కింపుగా నుండును.

కొంచెము ఓపికగలవారు ఫోటోగల స్టారునే చేయవచ్చును. దీనికి 60 సెంటీమీటర్ల పొడవుగల వెదురు బద్దలు పది కావలెను. అయిదింటిని ఒకదానిపై నొకటి అడ్డముగా, ఎత్తిన చేయి దించక గీయు అయిదు కొనల చుక్కవలె అమర్చి కొనలను దారముతో కట్టవలెను. ఒక్కొక్క కొనయొద్ద కోణము 36 డిగ్రీలుండును. ప్రతి బద్దను మిగిలిన బద్దలు రెండుచోట్ల దాటును. ఆ రెండు చోట్లను బద్దపై ముందే గుర్తించుకొనవచ్చును. ఒక్కొక్క కొననుండి దాదాపు 23 సెంటీమీటర్లు కొలిచినచో సరిపోవును, నడుమ 14 సెంటీమీటర్లు మిగులును. ఆ నడుమ ఏర్పడునది సమపంచభుజి. 10 సెంటీమీటర్ల వెడల్పు, 13 సెంటీమీటర్ల ఎత్తు గల ఫోటో దానిలో ఇముడును. గుర్తులకడ దారముతో బిగించినగాని చుక్క నిలువదు. మిగిలిన అయిదు బద్దలతో రెండవ చుక్కను కట్టి, రెంటిని కొనలయొద్ద జోడించి, పంచభుజి మూలలలో చిన్న పుల్లలను అడ్డుగా దూర్చినచో నడుమ పొట్ట ఉబ్బును. చుట్టు రంగు కాగిత మంటించి, పంచభుజిపై మాత్రము పలుచని తెల్ల కాగితముపై అచ్చువేసిన ఫోటో నంటింతురు. లోపల చిన్న ఎల్‌ఈడీ దీపము వెలిగించినప్పుడు ముఖము వెలుగుతో బయటికి వచ్చినట్లుండును. పాతకాలమునాటివలె క్రొవ్వొత్తి మాత్రము ఉంచరాదు. ఎండు వెదురు, కాగితము, పైని గాలి, ఇల్లు తాటాకుదైనచో చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చేతిపని. ఇక నెమ్మదిగా ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. గతించినవారి ఫోటోను పండుగ చెట్టుకు కట్టవచ్చునా? మన యిండ్లలో మరణించినవారి ఫోటోకు దండ వేసి ఎత్తున తగిలించుట వాడుక. దానిని రంగు బంతుల నడుమ చూచినచో కొందరు పెద్దలకు మనసు చివుక్కుమనును. మరికొందరు, పండుగకు అందరును ఉన్నట్లుండునని సంతోషింతురు. రెండు భావములును గౌరవింపదగినవే. పుస్తకములు దీనికి నిర్ణయము చెప్పజాలవు. ఇంటిలోని నాయనమ్మనో అమ్మమ్మనో అడుగుటయే మార్గము. ఇటీవలనే ఒకరిని పోగొట్టుకొనిన యింట ఆ ఏడు వారి చిత్రమును విడిచిపెట్టుట సున్నితమైన పని. తన ఫోటో వలదనిన చిన్నపిల్లవాని మాటయు అట్లే మన్నింపవలెను.

అడుగబోయినప్పుడు మరియొక లాభము కలుగును. ఫోటోను చూపి "నాయనమ్మా, ఈ ప్రక్కన నిలుచున్న ఆవిడ ఎవరండి?" అని అడిగినచో సాధారణముగా ఒక పేరు కాదు, ఒక కథయే వచ్చును. ఆవిడ మీ తాతగారి మేనత్త, పెదకాలువ పూడిక తీసిన యేడు పోయినది, ఆ చీర అరువు తెచ్చినది అని నాయనమ్మ చెప్పుకొనిపోవును. ఆ మాటలను అప్పుడే కాగితముపై పెట్టవలెను. నాయనమ్మకు తెలిసినది మనుమలకు తెలియదు, ఆమెతో పోయిన తరువాత ఫోటో మిగిలినను అందలి మనిషి ఎవరో కాకుండ పోవును. పేరు, బంధుత్వము, ఊరు, సుమారుగా సంవత్సరము, ఇంతమాత్రము బిళ్ల వెనుకవైపు వ్రాయవచ్చును. అసలు ఫోటో వెనుక బాలుపెన్నుతో వ్రాయరాదు. మొన నొక్కి ముందువైపు గీతలు తేలును, సిరా ఊరును. మెత్తని పెన్సిలుతో, అంచుకడ, తేలికగా వ్రాయవలెను. సంవత్సరము ఎవరికిని గుర్తులేనిచో స్టూడియో ముద్ర, ఒడిలోని బిడ్డ వయసు మొదలగునవి ఆధారములు. ఆ బిడ్డ నేడు అరువదియేండ్ల పెదనాన్నగారైనచో లెక్క కుదురును.

ఫోటోలు ఎన్నడును లేని యిండ్లున్నవి. ఉప్పెనలో పోగొట్టుకొనిన యిండ్లున్నవి. అట్టివారు చుట్టముల యిండ్లలో వెదకుట మంచిది. పెండ్లి గుంపు ఫోటోలో ఒక మూల నిలిచిన ముఖము మరియొక కుటుంబమునకు పెన్నిధి కావచ్చును. దానిని నకలు తీసి పెద్దదిగా చేసిన మసకగానే యుండును. మసకైనను సరే, ఆ కొమ్మకు మొట్టమొదట కట్టుదురు. ఏమియు దొరకనిచో పేరును మాత్రము మంచి అక్షరములతో వ్రాసి బిళ్లగా చేయుదురు.

ఎన్నడైన ఫోటోలు వరదనీట తడిసినచో వానిని ఒకదానిపై నొకటి ఉంచి ఆరనీయరాదు, అట్టే అంటుకొనిపోవును. చల్లని శుభ్రమైన నీటిలో నుంచి, మెల్లగా విడదీసి, బురద కడిగి, బొమ్మవైపు పైకుండునట్లు నీడలో గుడ్డపై పరచవలెను. బొమ్మను వ్రేలితో తాకరాదు.

పండుగ దాటిన తరువాత బిళ్లలను విప్పి, తడి లేకుండ చూచి, నడుమ కాగితము లుంచి బిస్కత్తుల డబ్బాలో సర్దుదురు. క్రొత్త చెప్పుల పెట్టెలో వచ్చు తేమ పీల్చు పొట్లమును ఒకటి అందు వేయుట మేలు. అసలు ఫోటోలు వేరుగా, మూతగట్టిగల పెట్టెలో, అటకపై, నేలకు ఎంత ఎత్తున నున్న అంత మంచిది. ఎవరో తెలియని ముఖముగల బిళ్ల ఒకటి దాదాపు ప్రతి యింటను మిగులును. దానిని మాత్రము డబ్బాలో వేయక, వెనుక పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టి, సంక్రాంతికి చుట్టములు వచ్చువరకు కిటికీ ప్రక్క మేకుకు తగిలించియుంతురు.